పదిమంది మాట: లెక్క తేల్చేదెలా?

శ్రీకాకుళం పట్నాన్ని ఆనుకుని ఉన్న అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి గురించి మీరు వినే ఉంటారు. ఏటా మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోనూ, మళ్ళీ అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలోనూ ఉదయించే సూర్యుని కిరణాలు తిన్నగా గర్భగుడిలోకి పోయి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. మబ్బు పట్టిందంటే ఆ పూటకి లేనట్టే. రెండుసార్లే ఎందుకు? సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి 20 ప్రాంతంలో ఒకసారి, సెప్టెంబరు 23 ప్రాంతంలో ఒకసారి. మొదటిదానికి పదీ పదకొండు రోజుల ముందు, రెండోదానికి ఎనిమిదీ తొమ్మిది రోజుల తరువాత అతడు ఇంచుమించు ఒకే చోట, తూర్పుకి కాస్త దక్షిణంగా పైకి వస్తాడు. అందుకని రెండుసార్లు.

ఈ సంగతి తేల్చడానికి ఊరివాళ్ళు ఓటు వేయనక్కరలేదు. వందమంది చేతులెత్తి "జూన్‌లో పడాలి" అన్నా కిరణాలు జూన్‌లో పడవు. కాని రథసప్తమినాడు జనం లైను ఏ వీధిలో పెట్టాలి, మంచినీళ్ళ పందిరి ఎక్కడ వెయ్యాలి, చెప్పులు ఎక్కడ విడవాలి అన్నవి వేరే రకం ప్రశ్నలు. వాటికి ఆకాశంలో జవాబు ఉండదు. పదిమందిని అడిగి తేల్చుకోవాలి.

పదిమందిని అడగడానికి ఇప్పుడు కొత్త పనిముట్లు వచ్చాయి. ఫోనులో ప్రశ్న పెడితే చాలు, పావుగంటలో జవాబులు వచ్చి పడతాయి. కేంద్ర ప్రభుత్వం 2014 జులై 26న 'మైగవ్' అనే వేదికను ప్రారంభించి దేశంలో ఎవరైనా సలహా ఇవ్వవచ్చునంది. మన రాష్ట్రంలో 2025 జనవరి 30న 'మన మిత్ర' మొదలైంది. వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు అందుతాయి. మొదటిరోజు 161 సేవలతో వచ్చింది. అయితే ధ్రువపత్రం ఇప్పించుకోవడం ఒకటి, ఊరి నిర్ణయంలో పాలు పంచుకోవడం ఒకటి. ఈ పాఠం రెండోదాని గురించి.

ముందుగా నేను చేసిన ఒక తప్పు చెబుతాను.

కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక బడిలో పదో తరగతికి అదనపు క్లాసులు పెట్టాలనుకున్నాం. బడి వదలగానే నాలుగున్నరకా, లేక ఇంటికి పోయి టిఫిను చేసి ఆరింటికి రావడమా? తరగతి ఫోను గుంపులో ప్రశ్న పెట్టాను. రాత్రి ఎనిమిదికి మూసేశాను. 38 ఓట్లు వచ్చాయి. ఆరింటికి 27, నాలుగున్నరకి 11. ఇంకేముంది, ఆరింటికే ఖాయం చేశాను. ప్రజాస్వామ్యం ప్రకారం నడిచానని మనసులో కాస్త గర్వం కూడా.

మూడోరోజుకి క్లాసులో సగం బెంచీలు ఖాళీ. పక్క ఊళ్ళనుంచి నడిచి వచ్చే ఆడపిల్లలు ఒక్కరూ లేరు. మరునాడు ఒకమ్మాయిని పిలిచి, "నువ్వు ఓటెందుకు వెయ్యలేదమ్మా?" అన్నాను.

"ఫోను మా అయ్య దగ్గరుంటాది మేస్టారూ. అయ్య తొమ్మిదింటికి గాని ఇంటికి రాడు. మీరేమో ఎనిమిదికే మూసేసినారు," అంది.

తరగతిలో ఉన్నది 62 మంది. 38 మంది మాట విని 62 మంది మాట అనుకున్నాను. మిగిలిన 24 మంది ఏదో అక్కడొకరు ఇక్కడొకరు తప్పిపోయినవాళ్ళు కారు. దాదాపు అందరూ ఒకే రకం వాళ్ళు: ఇంట్లో ఒక్కటే ఫోను, ఇల్లు దూరం, చీకటి పడితే రావడం కష్టం. గణాంకశాస్త్రంలో దీన్ని నమూనా దోషం అంటారు. కుండలో పైనున్న మెతుకు పట్టుకుని అన్నం ఉడికిందనడం తప్పు కాదు, కుండను బాగా కలిపితే. కలపకపోతే పైమెతుకు అడుగు మెతుకు సంగతి చెప్పదు. చీటీలు పంచి మళ్ళీ అడిగితే నాలుగున్నరకి 33, ఆరింటికి 29. నిర్ణయం తలకిందులైంది.

కనుక ఏ పనిముట్టు వాడినా మొదటి లెక్క 'ఎన్ని ఓట్లు వచ్చాయి' అన్నది కాదు. 'ఎవరి ఓట్లు రాలేదు' అన్నది.

సరే, అందరూ ఓటు వేశారనుకుందాం. అప్పుడైనా జవాబు తిన్నగా వస్తుందా? ఇక్కడ తమాషా ఉంది. కాగితం, పెన్సిలు తీసుకోండి.

45 మంది పిల్లలు విజ్ఞానయాత్రకు వెళ్ళాలి. మూడు చోట్లు అనుకున్నారు. వంశధార ఒడ్డున కొండమీద బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం, దూరదేశాల పక్షులు వచ్చి గూళ్ళు కట్టే తేలినీలాపురం, దీపస్తంభం ఉన్న కళింగపట్నం తీరం. ప్రతివాళ్ళూ తమకు ఇష్టమైన వరుస రాశారు. ఇలా వచ్చాయి:

18 మంది: కళింగపట్నం, తేలినీలాపురం, శాలిహుండం.
15 మంది: శాలిహుండం, తేలినీలాపురం, కళింగపట్నం.
12 మంది: తేలినీలాపురం, శాలిహుండం, కళింగపట్నం.

ఫోనులో 'ఒకటి ఎంచుకోండి' అని అడిగితే ఏమవుతుంది? కళింగపట్నానికి 18, శాలిహుండానికి 15, తేలినీలాపురానికి 12. కళింగపట్నం గెలిచింది. కాని గమనించారా, మిగిలిన 27 మందికీ అది ఆఖరి కోరిక.

ఇప్పుడు ఇంకో పద్ధతి. అందరికన్న తక్కువ వచ్చిన తేలినీలాపురాన్ని తీసేసి, ఆ 12 మంది చీటీల్లో రెండో కోరిక చూద్దాం. అది శాలిహుండం. 15కి 12 కలిపితే 27. శాలిహుండం గెలిచింది!

మూడో పద్ధతి. రెండేసి చోట్లను పోటీకి పెడదాం. తేలినీలాపురమా, కళింగపట్నమా? 27 మంది తేలినీలాపురం అంటారు. తేలినీలాపురమా, శాలిహుండమా? 18, 12 కలిపి 30 మంది తేలినీలాపురమే అంటారు. కాబట్టి ముఖాముఖి పోటీలో ఎవరితో తలపడినా గెలిచేది తేలినీలాపురం. మొదటి కోరికకి రెండు మార్కులు, రెండో కోరికకి ఒకటి, మూడోదానికి సున్న వేసి కూడినా అదే గెలుస్తుంది. మీరే కూడి చూడండి: 57, 42, 36 రావాలి.

చీటీలు అవే. పిల్లలు వాళ్ళే. ఎవరి మనసూ మారలేదు. లెక్కపెట్టే తీరు మారేసరికి బస్సు మూడు వేరు వేరు ఊళ్ళకు పోయింది! ఫోనులో 'ఒకటి ఎంచుకోండి' అనే మీట తయారుచేసినవాడు తనకు తెలియకుండానే మన బస్సును కళింగపట్నం వైపు తిప్పాడన్నమాట.

మార్కులు వేసే పద్ధతిని చెప్పింది బోర్దా, ముఖాముఖి పోటీ చెప్పింది కోందోర్సే. ఇద్దరూ 18వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞులే. కోందోర్సే 1785లో ఇంకో చిక్కు కూడా చూపించాడు. ముగ్గురు స్నేహితుల వరుసలు క-చ-ట, చ-ట-క, ట-క-చ అని ఉంటే, చ కన్న క మేలని ఇద్దరంటారు, ట కన్న చ మేలని ఇద్దరంటారు, క కన్న ట మేలని కూడా ఇద్దరంటారు. తన తోకను తానే పట్టుకున్న పాములా గుండ్రంగా తిరుగుతుంది తప్ప గెలుపెవరిదో తేలదు. 1951లో కెన్నెత్ ఆరో అనే అమెరికన్ ఆర్థిక శాస్త్రవేత్త, మూడో అంతకన్న ఎక్కువో దారులున్నప్పుడు ఇలాంటి వరుసలనుంచి నిర్ణయం తీసే ఏ పద్ధతిలోనూ మనం సహజంగా కోరే న్యాయమైన షరతులన్నీ ఒక్కసారిగా నెరవేరవని రుజువు చేశాడు. 1972లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. 'లోపంలేని ఓటింగ్ యాప్' అని ఎవరైనా చెబితే మీరు ఆరోను గుర్తుచేసుకోవచ్చు.

ఇదంతా కాగితం మీది వేడుక అనుకోకండి. మన దేశంలో రాష్ట్రపతి ఎన్నికకు రెండో పద్ధతే వాడతారు. 1969 ఆగస్టులో జరిగిన ఎన్నికలో ప్రధాన అభ్యర్థులిద్దరూ తెలుగువాళ్ళు. ఒకరు బరంపురంలో పుట్టిన వి.వి.గిరి. 1952లో మన శ్రీకాకుళం వైపు పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచినవారు. రెండోవారు అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి. ఓట్ల విలువలో మొదటి లెక్కకు గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, మూడో అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. గెలవడానికి కావలసింది 4,18,169. ఎవరికీ రాలేదు. అప్పుడు వెనకబడినవారి చీటీల్లో రెండో కోరికలు లెక్కించారు. వాటిలో ఎక్కువభాగం సంజీవరెడ్డికే పోయాయి. ఆయన 4,05,427కు ఎగబాకారు. గిరి 4,20,077కు చేరి గీత దాటారు. రాష్ట్రపతి ఎన్నికల్లో రెండో కోరికల దాకా వెళ్ళవలసి వచ్చింది ఇప్పటికి అదొక్కసారే.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం. సీసాలో చింతపిక్కలు పోయండి, లెక్కపెట్టి మరీ పోయండి. ఎన్నున్నాయో తరగతిలో ఒక్కొక్కరినీ చీటీమీద రాయమనండి, ఎవరిది ఎవరూ చూడకూడదు. చీటీలను చిన్నదానినుంచి పెద్దదాని వరకు పేర్చి సరిగ్గా మధ్యనున్న చీటీ తీయండి. చాలాసార్లు అది అసలు సంఖ్యకు ఆశ్చర్యమనిపించేంత దగ్గరగా ఉంటుంది. ఇంగ్లండులో ఒక పశువుల సంతలో ఎద్దు బరువు ఊహించే పోటీ పెడితే, ఆ చీటీలు 787 తీసుకుని ఫ్రాన్సిస్ గాల్టన్ ఇలాగే పేర్చి 1907లో 'నేచర్' పత్రికలో అచ్చువేయించాడు. మధ్య చీటీ 1,207 పౌన్లు. అసలు బరువు 1,198. తేడా నూటికి ఒకటి కూడా లేదు!

రెండో తరగతిలో అదే సీసా పెట్టి, ఈసారి ఒక్కొక్కరూ లేచి పైకి చెప్పమనండి. మొదట లేచే పిల్లవాడికి మాత్రం ముందే చెప్పి ఉంచండి, అసలు సంఖ్యకు మూడు రెట్లు చెప్పమని. తరువాతివాళ్ళ ఊహలు ఎటు జరుగుతాయో రాసుకోండి. నేను చేసినప్పుడు తరగతి యావత్తూ వాడి వెంటే పోయింది. జనం ఊహ బాగుండాలంటే ఎవరి తప్పు వారిదిగా ఉండాలి. అప్పుడే ఎక్కువ చెప్పినవాళ్ళూ తక్కువ చెప్పినవాళ్ళూ ఒకరినొకరు సరిచేస్తారు. అందరూ ఒకరి తప్పునే కాపీ కొడితే వందమంది ఉన్నా ఒక్కడున్నట్టే. ఫోను గుంపుల్లో పెట్టే ఓట్లలో మామూలుగా ఎవరు దేనికి వేశారో, ఇప్పటికి ఎన్ని పడ్డాయో కనిపిస్తూనే ఉంటుంది. క్లాసు లీడరు ముందే వేసేస్తే వెనకవాళ్ళ సంగతి మీకు తెలిసిందే.

ఈ దోషాలన్నీ చూసి కొందరు వేరే రకం పనిముట్టు చేశారు. దాని పేరు 'పోలిస్'. అమెరికాలో సియాటిల్ నగరంలో తయారైంది. ఇందులో 'అదా, ఇదా?' అని అడగరు. ఎవరైనా ఒక చిన్న వాక్యం రాయవచ్చు. మిగిలినవాళ్ళు దానికి ఔను, కాదు, చెప్పలేను అని మాత్రమే అనగలరు. జవాబు రాసే వీలు లేదు. కావాలనే తీసేశారు. జవాబు రాయగలిగితే వాదన తిట్లలోకి దిగడానికి ఎంతోసేపు పట్టదు కదా!

లెక్క ఇలా జరుగుతుంది. ఔనుకి +1, కాదుకి -1, చెప్పలేనికి 0. పది వాక్యాలుంటే ప్రతి మనిషికీ పది అంకెల వరుస వస్తుంది. ఇద్దరి వరుసల్లో తేడాలు కూడితే వాళ్ళిద్దరి మధ్య 'దూరం' తెలుస్తుంది. తక్కువ దూరం ఉన్నవాళ్ళను పక్కపక్కన చుక్కలుగా పెడితే, గ్రాఫు కాగితంమీద చుక్కలు గుంపులు కడతాయి. ఎవరు ఏ గుంపో ముందుగా ఎవరూ చెప్పనక్కరలేదు, అంకెలే చెబుతాయి. ఆపైన యంత్రం వెతికేది గుంపుల తగువును కాదు. రెండు గుంపులూ ఔనన్న వాక్యం ఏదైనా ఉందా అని వెతుకుతుంది.

తైవాన్ దేశంలో 2015లో ఊబర్ కార్ల తగాదా వచ్చింది. టాక్సీవాళ్ళు ఒకవైపు, ఊబర్ వాడేవాళ్ళు ఒకవైపు. 'వీతైవాన్' అనే కార్యక్రమంలో ఈ పనిముట్టుతో అభిప్రాయాలు సేకరిస్తే చుక్కలు రెండు గుంపులుగా చీలాయి. కాని ప్రయాణికుల భద్రత, బీమా లాంటి విషయాల మీద రెండు గుంపులూ ఒప్పుకునే వాక్యాలు దొరికాయి. తరువాత వచ్చిన నిబంధనలకు అవి దారి చూపాయి.

మా తరగతి తగువు ఈ పద్ధతిలో నడిపి ఉంటే? 'ఆరింటికి మెదడు చురుగ్గా పనిచేస్తుంది' అన్న వాక్యానికి సగంమంది ఔననేవారు, సగంమంది కాదనేవారు. 'ఏ వేళకి పెట్టినా దూరం ఊళ్ళవాళ్ళు చీకటి పడకముందే ఇల్లు చేరాలి' అన్న వాక్యానికి కాదనేవాళ్ళు ఎవరు? నేనడిగిన ప్రశ్నలో ఆ వాక్యానికి చోటే లేదు.

ఇక ఎన్నికల సంగతి. సలహా చెప్పడానికి ఫోను పనికొస్తే ఓటు వెయ్యడానికి ఎందుకు పనికిరాదు? తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం ఈ ప్రశ్నకు ప్రయోగం చేసి చూసింది. 2021 అక్టోబరు 20న ఖమ్మంలో ఫోనుతో ఓటు వేసే నమూనా పోలింగు జరిగింది. అది ఉత్తుత్తి ఓటే. వికలాంగులు, వృద్ధులు, జబ్బుపడ్డవాళ్ళు, ఎన్నికల పనిలో ఉండి సొంత ఓటు వేయలేని ఉద్యోగులు, ఇలాంటివాళ్ళ కోసం. ఓటరు పేరు ఆధార్‌తో సరిపోవాలి, ముఖం ఫోటో కాక బతికున్న మనిషిదే కావాలి, ఆ ముఖం ఓటరు కార్డు బొమ్మతో కలవాలి. పడిన ఓట్లను పేరు తొలగించి, రహస్య సంకేతంలోకి మార్చి 'బ్లాక్‌చెయిన్' అనే గొలుసు చిట్టాలో దాచారు. ప్రతి పేజీలోనూ వెనక పేజీ తాలూకు గుర్తు ఉండే చిట్టా అది. మధ్యలో ఒక్క అంకె దిద్దినా ఆపై పేజీలన్నీ తప్పి దొంగతనం బయటపడుతుంది. తరువాత 2025 జూన్ 28న బీహారు పురపాలక ఎన్నికల్లో కొన్నిచోట్ల నిజం ఓట్లే ఫోనుతో వేయించారు.

గొలుసు చిట్టా గట్టిదే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. చిట్టాలో రాసింది చెరపలేకుండా కాపాడుతుంది గాని, రాసేముందే ఫోనులో దొంగ ప్రోగ్రాము దూరి ఉంటే తప్పును కూడా అంత భద్రంగానూ కాపాడుతుంది! హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్., బెంగళూరులోని బి.ఇ.ఎల్. తయారుచేసే ఓటింగ్ యంత్రాలను ఏ నెట్‌వర్కుకూ కలపకపోవడానికి కారణం ఇలాంటి భయమే. ఆ యంత్రం పక్కన కాగితం చీటీ అద్దంలో 7 సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుంది. ఓటరు తన కళ్ళతో చూసుకోవచ్చు.

ఇంకో చిక్కు సాంకేతికం కాదు, ఇంటిది. పోలింగు బూతులో అట్ట అడ్డం పెట్టేది ఎందుకు? మీ అమ్మ ఎవరికి ఓటు వేసిందో పక్కనున్నవాళ్ళు చూడకుండా. ఇంట్లో ఫోనుకు అట్ట ఎవరు పెడతారు? భుజంమీదనుంచి తొంగిచూసేవాడు ఉండనే ఉంటాడు. 2005 నుంచి ఇంటర్నెట్ ఓటు వాడుతున్న ఎస్తోనియా దేశం దీనికొక ఉపాయం చేసింది. పోలింగు గడువులో ఎన్నిసార్లైనా మార్చి వెయ్యవచ్చు, చివరిదే లెక్క. ఒకడు పక్కన నిలబడి వేయించినా వాడు పోయాక మార్చుకోవచ్చు. 2023 ఎన్నికల్లో అక్కడ సగానికి పైగా ఓట్లు అలా పడ్డాయి. కాని అది మనిషికో ఫోనున్న చిన్న దేశం. ఇంటికో ఫోనున్న చోట ఈ ఉపాయం ఎంతవరకు పారుతుందో నాకు అనుమానమే.

మన దగ్గర 2024 ఆగస్టు 23న ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు జరిగాయి. జనం చెట్టుకిందో బడి ఆవరణలోనో కూర్చుని మాట్లాడారు. చేయెత్తి అడగడానికి ఫోను అక్కరలేదు. కాని ఎవరు చేయెత్తారో ఊరంతా చూస్తుంది. ఫోనుకైనా చెట్టుకైనా దాని లోటు దానికి ఉంది.

రహస్యం చెడకుండా ఓట్లు కూడడం సాధ్యమా? సాధ్యమే. దాని తమ్ముడిలాంటి ఆట ఒకటి మీరు ఆడవచ్చు. అయిదుగురు గుండ్రంగా కూర్చోండి: సీత, అప్పన్న, లక్ష్మి, సింహాచలం, గౌరి. ప్రశ్నకు ఔనంటే 1, కాదంటే 0. సీత మనసులో ఒక సంఖ్య అనుకుంటుంది, 347 అనుకోండి. దానికి తన ఓటు 1 కలిపి 348 అని అప్పన్న చెవిలో చెబుతుంది. అప్పన్నది కాదు, కనుక 348 అనే లక్ష్మికి చెబుతాడు. లక్ష్మి ఔనంది, 349. సింహాచలం ఔనన్నాడు, 350. గౌరి కాదంది, 350 తిరిగి సీతకు చేరింది. సీత 347 తీసేసి "ముగ్గురు ఔనన్నారు" అని పైకి చెబుతుంది. ఎవరెవరో సీతకూ తెలియదు! సంకేతంలో దాచిన ఓట్లను విప్పకుండానే కూడే పెద్ద పద్ధతులూ గణితంలో ఉన్నాయి, వాటి మూలం ఇలాంటి ఆలోచనే.

ఈ ఆటలో ఒక కన్నం ఉంది. అప్పన్న, సింహాచలం తరువాత కలుసుకుని, "నేను 348 చెప్పాను", "నాకు 349 వచ్చింది" అనుకున్నారంటే లక్ష్మి ఓటు బట్టబయలు. ఆ కన్నం పూడ్చడం ఎలా? ఒక సూచన ఇస్తాను: లక్ష్మి తన 1ని ఒకే ముక్కగా ఇవ్వాలని ఎక్కడుంది? 7, -9, 3 కలిపినా 1 అవుతుంది. ఈ మూడు ముక్కలనూ మూడు వేరు వేరు చుట్లలో, ప్రతి చుట్టుకీ కూర్చునే వరుస మార్చి పంపితే ఏమవుతుందో ఆడి చూడండి. లక్ష్మి ఓటు తెలియాలంటే ఇప్పుడు ఎంతమంది కుట్ర పన్నాలో లెక్కకట్టి నాకు రాయండి.